గయ్యాళిలో నిలిచిన ఎరుపు

మా ప్రయోగశాలలో రాళ్ళకు నీళ్ళు తాగించడమే పని. ఈ మాట బయట చెప్తే జనం నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళ బావుల్లోకి నీరు ఎటునుంచి వస్తుందో, వాళ్ళు పాతిపెట్టిన చెత్త కరిగి ఎటు పోతుందో వాళ్ళకు తెలియదు. భూమి లోపల గట్టి రాయి అంటాం గానీ దాని నిండా పగుళ్ళే. నీరు పోయేది ఆ పగుళ్ళలోంచే. ఏ పగులులో ఎంత నీరు, ఎంత తొందరగా, ఏ దారిన పోతుందో చూడటానికి మేమున్నాం. పగులు సందు రెండింతలైతే అందులోంచి నీరు ఎనిమిదింతలు పోతుంది. అందుకని మా దగ్గర వెంట్రుకవాసి తేడా అంటే ఏదో మాటవరసకు అనేది కాదు.

రాయితో ఉన్న చిక్కేమిటంటే దాని లోపల ఏం జరుగుతుందో కనిపించదు. నీళ్ళు ఇటు పోసి అటు పట్టుకోవడమే. అందుకే పగిలిన రాయి రెండు ముఖాలమీదా మెత్తటి సిలికాన్ పోసి అచ్చులు తీస్తాం. ఆ అచ్చుల్లో రెసిన్ పోస్తే గాజులాంటి రాయి వస్తుంది. గుంటకు గుంట, మిట్టకు మిట్ట, అన్నీ అసలు రాయివే. ఆ రెండు ముక్కల్నీ ఒకదానిమీద ఒకటి కూర్చి, అంచులు జిగురుతో మూసేసి, గాలి తీసిన నీటిని ఒక పక్కనుంచి పంపుతాం. కాసేపటికి ఆ వెనకే ఎర్ర రంగు నీళ్ళు, మళ్ళీ మంచినీళ్ళు. పైన కెమెరా ఉంటుంది. ఎరుపు ఎలా వచ్చిందీ, ఎలా పోయిందీ అన్నదే మాకు కావలసింది.

అచ్చులు తీసేదీ, పోతలు పోసేదీ నేను. నాకంటే ముందు మా ఆయన పోసేవాడు. ఆయన పోయాక ఆయన స్టూలు, ఆయన గరిటెలు, ఆయన బుడగలు తీసే డబ్బా నాకిచ్చారు. జాలిపడి ఇచ్చారని అప్పట్లో అందరూ గుసగుసలాడారు. ఇప్పుడు అనమనండి చూద్దాం.

రాళ్ళకు నంబర్లున్నా మేం పేర్లతోనే పిలుస్తాం. సాధువు, మొండిఘటం, జల్లెడ. వాటిలో ఒకటి గయ్యాళి. ఎంత మర్యాదగా పంపినా అది నీటిని తన ఇష్టమొచ్చిన దారినే పోనిస్తుంది. ఆ పేరు పెట్టింది మా ఆయన. పెట్టిన రోజు ఇంటికొచ్చి, "నిన్ను చూసి పెట్టలేదులే" అని మరీ చెప్పాడు. చెప్పకపోతే నాకు అనుమానమే వచ్చేది కాదు.

గయ్యాళి అచ్చే ఆయన తీసిన ఆఖరి అచ్చు. ఆ నెలలోనే ఒక పొద్దున మొహం కడుక్కుంటూ పడిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. అప్పటిదాకా జలుబు కూడా ఎరగని మనిషి. నేనలాగే అనుకున్నాను.

ఆయన అచ్చులో పోసిన గాజు రాయిని ఏళ్ళ తరబడి వాడుకున్నారు. వాడగా వాడగా అది పసుపెక్కిపోయింది. ఈమధ్య కొత్త కెమెరా వచ్చాక పెద్దసారు నన్ను పిలిచి, "ఆ అచ్చు బాగానే ఉంది కదమ్మా, గయ్యాళికి కొత్త పోత పొయ్యి" అన్నారు. పెద్దసారంటే మా ప్రయోగశాల అధిపతి. పోశాను. బుడగ ఒక్కటి లేకుండా, అద్దంలా వచ్చింది.

మొదటిసారి రంగు పంపినప్పుడు తెర ముందు నేనూ, లెక్కలమ్మా ఉన్నాం. లెక్కలమ్మ మా పరిశోధన విద్యార్థిని. అసలు రాయి ముఖాల్ని లేజరుతో కొలిచి, ఆ కొలతలనుబట్టి నీరు ఎలా పోవాలో కంప్యూటర్లో లెక్క కడుతుంది. ఆ లెక్కా, మా గాజు రాయీ ఒక్క మాటమీద ఉంటేనే ఆమెకు పట్టా. ఆ రెండూ అత్తాకోడళ్ళలా ఎప్పుడూ చెరో మాట. ఎరుపు చకచకా కడుక్కుపోవాలని లెక్క అంటుంది. గాజు రాయిలో ఎరుపు ఎంతకీ పోదు. పెద్దసారు తీర్పు ఎప్పుడో చెప్పేశారు: "కంటికి కనిపించేది అబద్ధమాడదు. నీ లెక్కలోనే ఎక్కడో తప్పుంది, వెతుక్కో." పాపం, ఆ పిల్ల వెతుక్కుంటూనే ఉంది. కళ్ళకింద నలుపు దిగిపోయింది. ఇంక మానేసి ఇంటికెళ్ళిపోతానని నాతో ఒకటి రెండుసార్లు అంది కూడా.

ఆ రోజూ అంతే. ఎరుపు వచ్చింది, పరుచుకుంది, వెనక మంచినీళ్ళు తరుముకుంటూ వచ్చాయి. అంతా తేటపడింది గానీ ఒక్క పక్కన ఎరుపు ఉండిపోయింది. "మళ్ళీ అదే అక్కా" అని లెక్కలమ్మ తల పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను చూస్తూ కూర్చున్నాను.

పాత కెమెరాకు అది వట్టి మరక. కొత్తదానికి అలా కాదు. ఆ మరకలో గీతలున్నాయి. సన్నటి ఎర్ర గీతలు, ఒకదానిలో ఒకటి ఒదిగి, సుడి తిరిగి ఉన్నాయి. లోపలినుంచి ఎవరో అద్దంమీద వేలు ఆనించినట్టు ఉంది. గీతలకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, తెల్లటి సందు ఒకటి ఉంది.

ఆ సందు నాకు తెలుసు. అచ్చు అంచులు చెక్కుతుంటే కత్తి జారి ఆయన కుడి బొటనవేలిమీద పడిన కోత అది. కట్టు కట్టింది నేనే. మానాక కూడా అక్కడ గీతలు కలవలేదు. ఆ వేలితో ఆయన నా చెంపమీద రాస్తే గరుగ్గా తగిలేది. పదేళ్ళకు పైగా లేని వేలు తెరమీద ఎర్రగా కదిలింది. కాసేపటికి గీతలు ఒక్కొక్కటీ పల్చబడి, నీటిలో కలిసిపోయాయి.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు ఎవరి లెక్కా అక్కర్లేకపోయింది. సిలికాన్ సగం గట్టిపడ్డాక దానిమీద వేలు పడింది. చేత్తో తడిమినా తెలియనంత పల్చటి ముద్ర. ఆ అచ్చులో పోసిన ప్రతి పోతలోనూ అక్కడ చిన్న మిట్ట లేస్తుంది, దానిమీద ఆయన వేలి గీతలు. ఆ గీతల మధ్య నీరు కదలదు. రంగు అందులోకి ఆలస్యంగా పోతుంది, ఆలస్యంగా వస్తుంది. అసలు రాయిలో అది లేదు. అంటే లెక్కలమ్మ లెక్క మొదటినుంచీ సరిగ్గానే ఉంది. తప్పు మా ఆయన అచ్చులో ఉంది.

రేపు చెప్తాననుకున్నాను. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. తప్పుడు పోతను ఎవరూ పొరపాటున మళ్ళీ వాడకుండా సుత్తితో పగలగొట్టాలి, అచ్చును ముక్కలుగా కోసేయాలి. మా దగ్గర అది నియమం. ఆ నియమం పెట్టిందీ ఆయనే, పెద్దసారు వద్దన్నా వినకుండా. అంచులు జిగురుతో మూసేశాక దాన్ని విడదీయడం కూడా కుదరదు. ఆ వేలు ఇక ఎక్కడా ఉండదు. పైగా ఇన్నేళ్ళ ప్రయోగాలు పాడు చేసినవాడిగా ఆయన పేరు మిగులుతుంది.

ఆ మర్నాడూ చెప్పలేదు. పంపు సరిచూస్తున్నానని వంక పెట్టి, అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు ఒక్కదాన్నే రంగు పంపుకుని చూశాను. ఎరుపు రావడం, పోవడం, తేటపడిన నీటిలో ఆయన మిగలడం. ఆ తర్వాత రోజు మళ్ళీ. పంపు వేగం తగ్గిస్తే ఆయన ఇంకాసేపు ఉంటాడని తెలిశాక ఇంక నా ఆశకు అంతు లేదు. రోజురోజుకూ తగ్గించుకుంటూ పోయాను. పంపు చప్పుడు కూడా వినిపించనంత నెమ్మదిగా నీరు పాకేది. నేను తెరమీద నా బొటనవేలు ఆనించి కూర్చునేదాన్ని. అద్దం చల్లగా ఉండేది. తెర అవతలినుంచి ఆయన కూడా ఆనించాడనిపించేది, మళ్ళీ నా పిచ్చికి నాకే భయం వేసేది.

ఇంట్లో కూడా అదే. స్విచ్చుల చుట్టూ మురికి చూస్తే ఆయన వేలే అనిపించేది. అద్దం తుడవడం మానేశాను. గాజు గ్లాసుమీద ఏదైనా ముద్ర కనిపిస్తే దీపానికి ఎత్తి పట్టి చూసేదాన్ని, కోత ఉందేమోనని. అత్తయ్య రెండు రోజులు ఊరుకుని మూడో రోజు అడిగేసింది. "ఏమే, గ్లాసులో పురుగు పడిందా, మనిషి పడ్డాడా?"

ఇంతలో ఆ పిల్ల నా కళ్ళెదుటే చిక్కిపోతోంది. లెక్క మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఒకరోజు మెట్లమీద కూర్చుని ఏడుస్తుంటే చూసి, చూడనట్టు పక్కనుంచి వెళ్ళిపోయాను. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పరిస్థితి.

పంపు అంత నెమ్మదిగా పెట్టడంవల్లే ఇంకో సంగతి బయటపడింది. మామూలు వేగంలో వేలు ఒక్కటే తేలేది. నెమ్మదిగా పంపితే దాని కింద ఇంకేదో తేలింది. గీతలు అక్కడ సాగి, చెదిరి, తోక లాగినట్టున్నాయి. ఆ తోక పక్కన ఇంకా లేత ఎరుపు, వెడల్పుగా. అది అరచెయ్యి అంచు.

సిలికాన్ గట్టిపడిందో లేదో ఆయన ఎప్పుడూ అచ్చుమీద వేలు పెట్టి చూడలేదు. కప్పులో మిగిలిన చుక్కమీద చూసేవాడు. కొత్తవాళ్ళెవరైనా అచ్చుమీద చెయ్యి వేస్తే చెయ్యి విరగ్గొట్టేవాడు. అలాంటి మనిషి అచ్చు నడిమధ్యలో చెయ్యి ఎందుకు పెట్టాడు? పెట్టాడు సరే, ఎందుకు జారాడు? చూడటానికి ఆనించిన వేలు జారదు. పడిపోబోతూ దొరికినదాన్ని పట్టుకున్న వేలు జారుతుంది. బల్లమీద ఎదురుగా అచ్చు ఉంది. కళ్ళు తిరిగి ఉంటాయి. చెయ్యి పడిందని కూడా తెలిసి ఉండదు, తెలిస్తే ఆ క్షణమే అచ్చు కోసి పారేసేవాడు.

లేదా తెలిసే ఉంచేశాడేమో. అది నేను ఎవర్ని అడగను?

ఆ సాయంత్రం అత్తయ్యకు కంచం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. కొడుకు పోయాక ఆవిడ నన్నూ, నేను ఆవిణ్ణీ వదిలిపెట్టలేదు. అలాగని ఒద్దికగా ఉన్నామనీ కాదు.

"అత్తయ్యా, ఆయనకు ఆఖర్లో కళ్ళు తిరిగేవా?"

ఆవిడ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "ఇప్పుడెందుకే అవన్నీ?"

"తిరిగేవా, లేదా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఆయనే చెప్పాడు."

గాజు రాయి సంగతి మొత్తం చెప్పాను. అత్తయ్య ముద్దను కంచంలో పెట్టేసింది.

"గోడ పట్టుకుని నడిచేవాడే. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడో, బయటికి వెళ్ళినప్పుడో. నా కంట పడ్డాడు. అమ్మా, దానికి చెప్పకు, హడావిడి చేసి ఆసుపత్రిలో పడేస్తుంది, రెండు రోజుల్లో తగ్గిపోతుంది అన్నాడు. ఒట్టేయించుకున్నాడు."

"మీరు వేశారు."

"వేశాను. ఆసుపత్రికని వెళ్ళిన మీ మామయ్య తిరిగొచ్చాడా? ఇంట్లో మన కళ్ళముందుంటే ఏమీ కాదనుకున్నానే."

నాకు కోపం తలకెక్కింది. ఆ పొద్దున కుళాయి తిప్పి ఉండగానే ఆయన నేలమీద పడి ఉండటం, నీళ్ళు ఆయన మొహంమీంచి కారిపోవడం, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. నాకు తెలిసి ఉంటే లాక్కుని తీసుకెళ్ళేదాన్ని. తిట్టేదాన్ని, అరిచేదాన్ని, తీసుకెళ్ళేదాన్ని. "ఇన్నేళ్ళు నా చేతి కూడు తింటూ కడుపులో పెట్టుకున్నారా?" అన్నాను. అనకూడని మాటే. నోరు జారింది.

అత్తయ్య కళ్ళెత్తలేదు. "తిట్టవే. ఎవరో ఒకరు తిడతారని ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను."

తిట్టలేకపోయాను. నేను మాత్రం ఏం చేస్తున్నాను? ఆయన దాచాడు, నేను కంగారు పడతానని. ఆవిడ దాచింది, కొడుకు దూరమవుతాడని. ఇప్పుడు నేను దాస్తున్నాను, ఆ వేలు పోతుందని. ఆయన దాపరికానికి ఆయనే పోయాడు. నాదానికి మెట్లమీద కూర్చుని ఏడుస్తున్న పిల్ల ఒకతి ఉంది.

మర్నాడు పొద్దున లెక్కలమ్మను మణికట్టు పట్టుకుని తీసుకొచ్చి తెర ముందు కూర్చోబెట్టాను. ఏమీ చెప్పకుండా రంగు పంపాను. ఎరుపు వచ్చి, పోయి, వేలు తేలింది.

"అక్కా... ఇది... వేలిముద్రా?"

"మా ఆయనది. అచ్చుమీద పడింది."

ముందు నోటిమీద చెయ్యి వేసుకుంది. తర్వాత నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అంటే నా లెక్క తప్పు కాదా?"

"కాదు. ఎప్పుడూ కాదు."

"మీకెప్పుడు తెలిసింది?"

"కొత్త పోతలో మొదటిసారి రంగు పంపిన రోజే."

ఆమె నా పక్కనుంచి కుర్చీ వెనక్కి జరుపుకుంది. "ఈ నెలంతా నాకు నిద్ర లేదక్కా," అంది.

"తెలుసు," అన్నాను.

పెద్దసారు చూసి కుర్చీలో కూలబడ్డారు. ఇన్నేళ్ళు ఆ మరకనే గయ్యాళి గుణమని దేశదేశాల సభల్లో చెప్పుకొచ్చిన మనిషి. లేచి, లెక్కలమ్మ దగ్గరికెళ్ళి, "నన్ను క్షమించమ్మా" అన్నారు. ఆ ఒక్క ముక్కా అన్నందుకు నాకు ఆయనమీద గౌరవం పెరిగింది. నావైపు తిరిగి, "అసలు రాయికి కొత్త అచ్చు తీద్దాం. పాతది ఎలా చెడిందో రాయాల్సి వస్తుంది. మీ ఆయన పేరు మాత్రం బయటికి రానివ్వను" అన్నారు.

"రాయండి సార్. పేరుతో సహా రాయండి. దాచింది చాలు."

ఆయన వెళ్ళాక లెక్కలమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది. కోపం పూర్తిగా పోలేదు, మొహం చూస్తే తెలుస్తోంది. అయినా అంది: "ఆ గాజు రాయి మీరు ఇంటికి తీసుకుపొండక్కా. పగలగొట్టేశామని చెప్దాం. నేనెవరికీ చెప్పను."

"ఆ నియమం ఆయనదే. నాకోసం ఆయన మాట తప్పిస్తానా?" అన్నాను.

కొత్త అచ్చు నేనే తీశాను. ఆయన పాత అచ్చును నా చేతులతోనే ముక్కలుగా కోశాను. కత్తి దిగుతుంటే కళ్ళు మసకబారి, నా వేలు కూడా తెగేదే. ఇక మిగిలింది గాజు రాయి ఒక్కటే.

అత్తయ్య ఆ వేలు చూస్తానంది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. సాయంత్రం పూట ఆవిడకు చూపు ఆనదు, పొద్దున తీసుకొస్తానని పెద్దసారుకు చెప్పాను. సరే, రేపు పొద్దునే పగలగొడదాం అన్నారు. అయితే రంగు గొట్టం, రంగు పంపు ఆ సాయంత్రమే విప్పి, కొత్త అచ్చులో పోసిన పోతకు తగిలించాలి. అందుకని చివరిసారి రంగు పంపి, వేలు స్పష్టంగా తేలిన క్షణాన పంపు ఆపేసి, రెండు పక్కలా కుళాయిలు కట్టేశాను. గీతలన్నీ అలాగే నిలిచిపోయాయి. పొద్దుటిదాకా ఉండవయ్యా, మీ అమ్మ వస్తోంది అని చెప్పి ఇంటికెళ్ళాను.

పొద్దున అత్తయ్య పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది. లెక్కలమ్మ కుర్చీ తెచ్చి తెర ముందు వేసింది. అత్తయ్య కూర్చుని, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, ముందుకు వంగింది.

"ఏదే?"

తెరమీద ఎర్రటి మరక తప్ప ఏమీ లేదు. గీతలు లేవు. సుడి లేదు. కోత లేదు. ఏదో పళ్ళరసం ఒలికిపోయినట్టు అలికేసి ఉంది. నీరు ఆగినంత మాత్రాన రంగు ఆగదు, తనంతట తానే నాలుగు పక్కలకూ పాకిపోతుంది. ఇక్కడికి కొత్తగా వచ్చే ప్రతి విద్యార్థికీ ఈ పాఠం చెప్పేది నేనే.

"పోయిందత్తయ్యా. నీళ్ళు ఆపేశాను. ఆపితే ఉంటాడనుకున్నాను."

అత్తయ్య నావైపు చూసింది. తర్వాత నా చేతిమీద చెయ్యి వేసింది.

పెద్దసారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. బల్లమీద సుత్తి ఉంది. లోపల రంగు ఉండగా పగలగొడితే గదంతా చింది పాడవుతుంది, ముందు కడగాలి. నేను కుళాయిలు తిప్పి, మంచినీళ్ళ పంపు వేశాను. నీరు ఒక అంచునుంచి కదిలింది. చుట్టూ పాకిన ఎరుపు ముందుగా కొట్టుకుపోయింది. తేట నీరు మరక దగ్గరికి వచ్చి, దాన్ని చుట్టుకుని, పక్కలనుంచి సాగిపోయింది. మరక సన్నబడింది. దానిలో ఒక గీత తేలింది. దాని పక్కన ఇంకొకటి. మునుపటికంటే లేతగా, ఆఖరి ఊపిరంత పల్చగా, సుడి తిరిగిన వేలు లేచి వచ్చింది.

లెక్కలమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"వాడే," అంది అత్తయ్య. ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగింది. "అదిగో కోత." చూపుడువేలితో తెరమీద ఆ తెల్ల సందు వెంట రాసింది, చిన్నపిల్లాడి దెబ్బమీద రాసినట్టు.

"చెప్పొద్దన్నావు," అంది కొడుకుతో. "చెప్పేశానురా."

గీతలు అంచునుంచి ఒక్కొక్కటీ పల్చబడటం మొదలైంది. పంపు మీట నా చేతికిందే ఉంది. ఈసారి వేగం తగ్గించలేదు.